చనిపోయిన స్త్రీకి పేరేది?

సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట నేడు పెక్కిండ్లలో టెలివిజనునందు నేరపరిశోధన కథలు సాగుచుండును. అవి యే దేశమువైనను ఆరంభము తఱచుగా నొక్కటే. పొదలలోనో, పాడుపడిన యింటిలోనో ఒక పడుచు శవమై కనబడును. ఆమె యెవరి కూతురో, ఏమి చదివినదో చెప్పువారుండరు. కథ నడుచుటకు ఆమె చావు కావలెను గాని ఆమెతో పనిలేదు.

స్త్రీనే పరిశోధకురాలిగా నిలిపినచో ఈ లోపము తీరునని కొందఱు తలచిరి. అదియును సులువుగా సాగలేదు. అమెరికాలో బార్బరా ఆవెడన్, బార్బరా కార్డే అను వనితలు ఇద్దఱు స్త్రీ పోలీసుల కథగా ‘కాగ్నీ అండ్ లేసీ’ని కల్పించిరి. 1982లో వరుసకథ తొలి విడత ముగియగానే, ఆ స్త్రీలు మిక్కిలి కరకుగా నున్నారని ప్రసారసంస్థవారు మెగ్ ఫాస్టరను నటిని తొలగించి షారన్ గ్లెస్‌ను తెచ్చిరి. దొంగను పట్టవచ్చినది పేరంటమునకు వచ్చినదా యేమి! 1983 మొదలు 1988 వఱకు ఉత్తమ నటి ఎమ్మీ బహుమానము ఏటేట ఈ కథలోని టైన్ డేలీకో, గ్లెస్‌కో దక్కినది.

ఇంగ్లండులో 1991లో ప్రసారమైన ‘ప్రైమ్ సస్పెక్ట్’ నాకు వీనిలో ముఖ్యముగా తోచును. వ్రాసినది లిండా లా ప్లాంట్. ఇందు హెలెన్ మిరెన్ ధరించిన జేన్ టెనిసన్‌కు ఉన్నత పదవి యున్నను హత్యావిచారణ లప్పగింపరు. ఆ పని చూచుచున్న పురుషాధికారి గుండె ఆగి మరణించిన పిమ్మటనే ఒకటి ఆమె చేతికి వచ్చును. తోడివారు మొగము మాడ్చుకొందురు. ఆమె కాగితములు తిరుగవేసి కనిపెట్టిన దేమనగా, ఆ శవము వారు వ్రాసికొన్న వేశ్యది కాదు, కారెన్ అను వేఱొక పడుచుది. ఆ వేశ్యయు తరువాత శవమై దొరకును. పేరు తప్పుటచేత అంతవఱకు ఆమెను వెదకవలెనన్న తలంపే యెవరికిని కలుగలేదు! హంతకుని పట్టుట కంటె నాకు మనసున నిలిచినది ఈ ఘట్టమే. అయినను ఇందును శవమును దగ్గఱగా చూపుట తప్పలేదు.

ఆ చూపుటయే మానిన కథ మన దేశమునుండి వచ్చినది. 2012 డిసెంబరునాటి ఢిల్లీ ఘోరము నాధారము చేసికొని రిచీ మెహతా తీసిన ‘ఢిల్లీ క్రైమ్’ 2019లో వెలువడి, 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పొందినది. అందు దౌర్జన్యము కంటికి కనబడదు. నిద్రలేని పోలీసులు, చాలని వాహనములు, షెఫాలీ షా ధరించిన అధికారిణి వర్తికా, ఈ నగరములో నుండను, విదేశమునకు చదువ పోవుదునను ఆమె కూతురు, ఇవియే కనబడును. కథ బిగువు ఇసుమంతయు సడలలేదు. బాధితురాలు ఆసుపత్రి మంచముపై నుండి, తనకేమి జరిగినదో తన నోటనే చెప్పును.