కుక్కను తిప్పేవారికే ఆరోగ్యం

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే బీపీ అదుపులో ఉంటుందని, గుండె పదిలమని, దిగులు దరిచేరదని వాట్సాప్ సందేశాల నుంచి ఆదివారం అనుబంధాల దాకా అంతటా వినిపిస్తోంది. కుక్కపిల్లలను అమ్మేవారికి పైసా ఖర్చు లేని ప్రచారమిది. అలాగని ఇది గాలికబురు కాదు; దీని వెనుక నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. దాన్ని కాస్త ఓపిగ్గా చదివితే మాత్రం, మేలంతా జంతువు కోసం మనిషి రోజూ పడే శ్రమలోంచే వస్తోందని అనిపిస్తుంది. ఆ శ్రమను జీతమిచ్చి ఇంకొకరికి అప్పగించడం మామూలైపోయిన మన నగరాల్లో దీని గురించి మాట్లాడుకోక తప్పదు.

అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్లిన 92 మందిని ఏడాది పాటు గమనించి, 1980లో ఫలితాలు ప్రకటించింది. పెంపుడు జంతువులున్న 53 మందిలో ఏడాది తిరిగేలోగా చనిపోయినవారు ముగ్గురు. లేని 39 మందిలో 11 మంది. ఇప్పటికీ ఎక్కువగా చలామణీ అవుతున్నది ఈ లెక్కే, కాకపోతే అది తేలింది వంద మంది కూడా లేని గుంపులో. 1995లో ఫ్రీడ్‌మన్ 369 మంది గుండె రోగులను మళ్లీ పరిశీలిస్తే కుక్కలున్నవారికి మేలు కనిపించింది, పిల్లులున్నవారికి కనిపించలేదు. 2010లో ఆస్ట్రేలియాలో 424 మందిని పరిశీలించినప్పుడు ఫలితం ఏకంగా తిరగబడింది. పెంపుడు జంతువులున్నవారే, అందులోనూ పిల్లులున్నవారే, ఎక్కువగా మళ్లీ ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు. పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగేవారికి ఇది సంబరంగా ఉండవచ్చు గానీ, కొద్దిమందిని చూసి చేసే అధ్యయనాలు ఇలా ఒకదాన్నొకటి కొట్టేయడం వింతేమీ కాదు.

అందుకే స్వీడన్ లెక్కలకు విలువ ఎక్కువ. ఆ దేశంలో 2001 నుంచి ప్రతి పెంపుడు కుక్కనూ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఆ జాబితాను ఆసుపత్రుల రికార్డులతో కలిపి, 40 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 34 లక్షల మందిని దాదాపు 12 ఏళ్ల పాటు పరిశీలించిన అధ్యయనం 2017లో వెలువడింది. కుక్క లేనివారితో పోలిస్తే, ఒంటరిగా ఉంటూ కుక్కను పెంచుకునేవారిలో మరణాల ముప్పు 33 శాతం తక్కువ. నలుగురున్న ఇంట్లో కుక్క ఉంటే ఆ తగ్గుదల 11 శాతమే. కుక్క అదే, ప్రేమా అదే, మరి ఇంత తేడా ఎందుకు? ఒంటరివాడి కుక్కను వానొచ్చినా మంచు పడినా బయటికి తీసుకెళ్లడానికి రెండో మనిషి ఉండడు. తక్కినచోట్ల ఆ పని పంచుకుంటారు, లేదా ఒకరి నెత్తిన పడుతుంది. పరిశోధకులు సూచించిన కారణాల్లో ఇదీ ఒకటి. వేటజాతి కుక్కలున్నవారికి మేలు మరింత ఎక్కువగా కనిపించడం కూడా ఇటే వేలు చూపిస్తోంది. ఆ జాతులను గంటల తరబడి తిప్పకపోతే ఇల్లు పీకి పందిరేస్తాయి. 2019లో ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో జరిగిన అధ్యయనం నడకనే నేరుగా లెక్కగట్టింది. వారానికి 150 నిమిషాల వ్యాయామం అనే వైద్యుల సలహాను అందుకునే అవకాశం కుక్కలున్నవారికి దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

కుక్క వల్ల ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉంది కాబట్టి కుక్కను తెచ్చుకున్నారా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. మోకాళ్లు పట్టేసినవారు లాబ్రడార్ జోలికి పోరు. కాలిఫోర్నియాలో ఐదు వేలకు పైగా పిల్లల వివరాలను రాండ్ సంస్థ పరిశోధకులు 2017లో విశ్లేషించినప్పుడు, పెంపుడు జంతువులున్న ఇళ్లలోని పిల్లలే మొదట ఆరోగ్యంగా కనిపించారు. కుటుంబ ఆదాయం, సొంతిల్లు వంటివి లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా దాదాపుగా మాయమైంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అలాంటి సర్వే చేస్తే మనకూ అదే ఎదురవుతుంది. జాతికుక్కను కొనగలిగినవారికి మంచి తిండి, మంచి వైద్యం ముందే అందుబాటులో ఉంటాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఆచితూచి మాట్లాడింది కూడా ఇందుకే. కుక్కను పెంచుకుంటే గుండె జబ్బుల ముప్పు తగ్గే అవకాశం ఉందంటూనే, కేవలం ఆ ఉద్దేశంతో జంతువును తెచ్చుకోవద్దని చెప్పింది. మొదటి ముక్కను అందరూ పంచుకుంటారు, రెండోది ఎవరి కంటా పడదు.

ఇక మన సంగతి. గేటెడ్ కమ్యూనిటీల్లో పొద్దున్నే కుక్క బెల్టు ఎవరి చేతిలో ఉంటోంది? వాచ్‌మన్, డ్రైవర్, పనిమనిషి, లేదంటే నెలకింత అని మాట్లాడుకున్న కుర్రాడు. యజమాని అడుగులు పార్కింగ్ దగ్గరే ఆగిపోతాయి. స్వీడన్ లెక్కలు ఇక్కడ ఎవరికైనా వర్తిస్తే ఆ కుర్రాడికి వర్తించాలి. జాతి ఎంపిక ఇంకో తంటా. మంచుదేశపు హస్కీని తెచ్చి ఏసీ గదిలో కట్టేస్తారు. 2003లో హచ్ ప్రకటన వచ్చాక ఇంటింటికీ చేరిన పగ్‌ది చప్పిడి ముక్కు, చల్లటి పూటే ఆయాసపడుతుంది. విజయవాడ ఎండల్లో దాన్ని నడిపించడం దానికి ప్రాణాంతకం. నడవలేని కుక్క నడిపించనూ లేదు. మన ఎండకు అలవాటుపడిన ఊరకుక్క పిల్లను తెచ్చుకుంటే ఖర్చూ తక్కువ, నడకా ఎక్కువ. అయినా వీధికుక్కను ఇంట్లోకి రానివ్వడానికి మనకు నామోషీ.

నడక సరే, తోడు మాటేమిటి అని అడిగేవారి వాదనలో బలముంది. న్యూయార్క్‌లో ఒంటరిగా ఉంటూ బీపీతో బాధపడుతున్న 48 మంది స్టాక్ బ్రోకర్లపై కరెన్ అలెన్ చేసిన ప్రయోగం 2001లో వచ్చింది. అందరికీ ఒకే మందు ఇచ్చి, సగం మందికి కుక్కనో పిల్లినో పెంచుకోమన్నారు. ఆరు నెలల తర్వాత పరీక్షిస్తే, ఒత్తిడిలో ఉన్నప్పుడు బీపీ పెరగడం జంతువులున్నవారిలో బాగా తక్కువగా ఉంది. నడక అక్కర్లేని పిల్లులు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి నా వాదనకు ఇది కొంత ఎదురే. అయితే వారంతా ఇష్టపడి ఒప్పుకున్నవారు, జంతువు ఆలనాపాలనా తామే చూసుకున్నవారు. పిల్లలు అమెరికాలో స్థిరపడితే ఇక్కడ ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులకు కుక్కపిల్లను కానుకగా తెచ్చి వెళ్లిపోయే కొడుకులు ఇది గమనించాలి. పైగా అమెరికాలోనే, కుక్కను తిప్పుతూ పడి ఎముకలు విరిగి అత్యవసర విభాగాలకు వచ్చిన 65 ఏళ్లు దాటినవారి సంఖ్య 2004లో 1,671 ఉంటే 2017 నాటికి 4,396కు చేరిందని అంచనా. అమ్మానాన్నలను అడగకుండా ఇచ్చే కానుక కాదిది.

రేబిస్ భయాన్ని కొట్టిపారేయలేం. మన దేశంలో ఏటా సుమారు 5,700 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని ఇటీవలి అంచనా. లక్షణాలు బయటపడ్డాక బతికేవారు దాదాపు ఉండరు. ఇంట్లో పుట్టి పెరిగిన కుక్కే కదా అని టీకా మానేయడం, చిన్న గీరుడే కదా అని సబ్బుతో కడగకుండా, సూది వేయించుకోకుండా ఊరుకోవడం నేరంతో సమానం. ఏటా టీకా వేయించే ఓపిక లేనివారు కుక్కను పెంచకపోవడమే మంచిది.

తిప్పాలన్న మనసున్నా చోటు లేనివారి ఇబ్బంది వేరు. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. మంచిదే, కానీ రోజూ కారెక్కి అక్కడికి వెళ్లేవారు ఎందరుంటారు? గడప దిగగానే బండ్లకు భయపడకుండా అరగంట నడవగలిగే ఫుట్‌పాత్ ఉంటే కుక్క ఉన్నవారూ నడుస్తారు, లేనివారూ నడుస్తారు. మున్సిపాలిటీలు పెట్టే ఖర్చులో మొదటి రూపాయి దానికి పోవాలి.