చేరకముందే చెప్పవలసిన మాట

నియామక పత్రం అందిన రోజున మా నాన్న నాకు చెప్పిన జాగ్రత్త ఒక్కటే: ‘ఊరు చెప్పు, పేట చెప్పకు.’ కార్యాలయం వారు రెండు రోజుల శిక్షణలో సెలవుల నిబంధనలు, ప్రవర్తనా నియమావళి, ఫైలు మీద నోటు రాసే పద్ధతి నేర్పారు. మూడో రోజు మధ్యాహ్న భోజనం దగ్గర ఒక సీనియరు ఇంటిపేరు అడిగాడు, ఆపై ఊరు అడిగాడు. ‘ఊళ్లో ఎక్కడ?’ అన్నది తరువాతి ప్రశ్న. అప్పుడు అక్కరకొచ్చింది నాన్న ఇచ్చిన శిక్షణే.

దళిత ఉద్యోగి ఇంటి దగ్గరే సిద్ధమై వస్తాడు. సిద్ధం కానిది కార్యాలయం. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్లిన అంబేడ్కర్‌కు ఏ అర్హత తక్కువైంది? ఆయనకు అద్దె ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగితే, పదకొండో రోజున కర్రలతో వచ్చి ఖాళీ చేయించారు. చదువుకు డబ్బిచ్చిన మహారాజు ఉద్యోగమైతే ఇచ్చారు. ఆ ఉద్యోగిని గౌరవించాలని తన కచేరీకి, తన నగరానికి నేర్పలేకపోయారు.

నేర్పడం అసాధ్యమేమీ కాదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, ఉద్యోగులకు అవగాహన కార్యక్రమాలు నిర్వహించే బాధ్యతను యజమానిపైనే పెట్టింది. అమలు ఎంత మొక్కుబడిగా ఉన్నా, తప్పు ఏమిటో ముందే చెప్పాలన్న సూత్రం స్థిరపడింది. కులం విషయంలో మనకున్న 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రధానంగా నేరం జరిగాక ఆశ్రయించేది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో ఎస్సీ, ఎస్టీల కోసం లైజన్ ఆఫీసర్లు ఉంటారు. అలాంటివారు ఒకరున్నారని నాకు ఆ రెండు రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

నియామక పత్రంతోపాటే ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి. కులం ఆరా తీయడం, రిజర్వేషన్‌ను ఎత్తిపొడవడం దుష్ప్రవర్తన కిందికి వస్తాయని కొత్తవారికే కాదు, పాతవారికి ముందుగా చెప్పాలి. ప్రైవేటు సంస్థలకూ ఈ బాధ్యత ఉండాలి. కులం ఊసెత్తితే లేనిపోని గొడవ రేపినట్లవుతుందని కొందరు మిత్రులంటారు. భోజనాల బల్ల దగ్గర ఆ ఊసు ఎత్తింది నేను కాదు.

వచ్చే నెల మా తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో ఒక సంస్థలో చేరబోతోంది. వాళ్లు పంపిన కాగితాలు నాకు చూపించింది. బస్సు వేళలు, క్యాంటీన్ వేళలు, దుస్తుల నియమాలు అన్నీ ఉన్నాయి. కులం గురించి ఒక్క వాక్యం లేదు. నేను మా నాన్న మాటే చెప్పాను. ‘ఎందుకు చెప్పకూడదు, పెదనాన్నా?’ అని అడిగింది.