నీరు పల్లమెరుగు

తటాక నిర్మాణాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. కాకతీయుల ఏలుబడిలో రామప్ప, పాకాల వంటి మహాజలాశయాలతో పాటు గొలుసుకట్టు చెరువులు వెలిశాయి. ఎగువ చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువును చేరుతుంది. ఎగువ కట్ట తెగితే దిగువ ఊరికి ముప్పు తప్పదు. ఒక ఊరి క్షేమం మరొక ఊరి జాగరూకతపై ఆధారపడి ఉన్నదన్న సత్యం ఆ అమరికలోనే ఇమిడి ఉంది.

నేటి స్థానిక సంస్థలు ఈ సత్యాన్ని విస్మరిస్తున్నాయి. బుడమేరు ఇందుకు తార్కాణం. మైలవరం ప్రాంతపు కొండలలో పుట్టిన ఈ ఏరు పల్లెలను, విజయవాడ నగరాన్ని ఒరసుకొని కొల్లేటిలో కలుస్తుంది. దీని వరదను కృష్ణకు మళ్లించడానికి వెలగలేరు నుండి ఒక కాలువ ఉంది. 2024 సెప్టెంబరు తొలి దినాలలో కుండపోత వర్షాలకు ఆ కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారింది. సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీట మునిగాయి.

ఈ ఏటి దారిలో గ్రామపంచాయతీలు అనేకం. నగరపాలక సంస్థ ఒకటి. 2022 నాటి పునర్విభజన తరువాత జిల్లాలు మూడు. నీరు పల్లమెరుగునే కాని పొలిమేర ఎరుగదు. ఎవరికి వారు తమ వాననీటిని పొరుగువారి హద్దు దాటిస్తే చాలుననుకొంటే, ఆ నీరంతా ఒక్కసారిగా పల్లపు పేదల ఇండ్లపై పడుతుంది.

“నగరం కోసం మా చెరువు పూడిక మేమెందుకు తీయాలి?” అని ఎగువ గ్రామాలు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎగువ చెరువు నిలిపిన ప్రతి నీటిబొట్టు నగరానికి రక్ష కనుక, ఆ వ్యయంలో నగరం భాగం పంచుకోవాలి. పంచాయతీలు, పురపాలక సంఘాలు నీటి వంటి ఉమ్మడి విషయాలను కలిసి యోచించడానికి 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా సంఘాన్ని నిర్దేశించింది. అయితే జిల్లాలు దాటే ఏటికి అది ఒక్కటే చాలదు. ఏటి పరీవాహక ప్రాంతమంతటికీ ఒకే ప్రణాళిక, ఒకే ఉమ్మడి నిధి, ముందస్తు హెచ్చరికకు ఒకే ఏర్పాటు కావాలి.

విద్యార్థులారా! మీ వీధిలో కురిసిన వాన ఏ ఊరికి చేరుతున్నదో ఒక్కమారు విచారించండి. ఆ ఊరి మేలు కోరడం దాతృత్వం కాదు, మన విధి.