రిపోర్టులన్నీ నార్మలే

“ఏమీ లేదమ్మా, రిపోర్టులన్నీ నార్మల్. టెన్షన్ తగ్గించుకో, తిండి మార్చుకో.” పదిహేడేళ్లుగా ఐ.బి.ఎస్.తో బతుకుతున్న నేను ఈ మాటలు వినని ఆస్పత్రి లేదు. నా పేచీ వీటితోనే.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో ‘ఏమీ లేకపోవడం’ ఏమిటి? పేగుకీ మెదడుకీ మధ్య నడిచే సంకేతాలు గాడి తప్పడం వల్ల వచ్చే జబ్బని 2016 నాటి రోమ్-4 ప్రమాణాలు చెబుతున్నాయి. స్కోపులో పేగు శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఇతరులకి తెలియనైనా తెలియని పేగు కదలిక మాకు మెలిపెట్టే నొప్పి. ఈ జబ్బు బయటపడినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, బహిష్టు రోజుల్లో చాలామందికి మరీ ముదురుతుంది. ఇంట్లో మాత్రం దీని పేరు ‘పని తప్పించుకునే వంక’.

తిండి సంగతి చూద్దాం. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన లో-ఫాడ్‌మ్యాప్ ఆహారం చాలామందికి ఉపశమనమిస్తుంది, కాదనను. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, చాలా పప్పులు కొన్ని వారాలు బాగా తగ్గించి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడడం లేదో కనిపెట్టాలి. ఆ కాగితం నా చేతిలో పెట్టిన డైటీషియన్ ఒక్క ప్రశ్న అడగలేదు: మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? ఉల్లిపాయ లేని కూర మా ఇంట్లో ఎవరూ ముట్టరు. అందుకని అయిదింటికే లేచి రెండు వంటలు. నాలుగో రోజుకి ఓపిక చచ్చి వాళ్ల పప్పుచారే నా కంచంలోకీ వచ్చేది. మా మామగారికి షుగరొచ్చినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ కొర్రన్నంలోకి మారిపోయాం, ఒక్కరూ సణగలేదు!

ఇక టెన్షన్. ఒత్తిడి ఈ జబ్బుని పెంచుతుందన్నది నిజం. ఆ ఒత్తిడికి చిరునామా లేదా? ఒకే బాత్రూమున్న ఇంట్లో పొద్దున్న ఎనిమిదింటి లోపు ఆ తలుపు ఎవరిది? గంటన్నర బస్సు ప్రయాణంలో ఆడదానికి మరుగుదొడ్డి ఎక్కడుంది? కాలేజీకి ఖాళీ కడుపుతో బయల్దేరడమే నాకు తెలిసిన వైద్యం. వీటి జోలికి పోకుండా ప్రాణాయామం చెయ్యమంటారు. పైగా పెళ్లికి రాలేనంటే, తిరుపతి ప్రయాణం మానుకుంటే, ‘నీవల్ల ఇంట్లో ఎవరికీ సుఖం లేదు’ అనే నింద.

మనమూ తక్కువ తినలేదు. ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. అప్పట్నుంచీ ప్రసవం గురించి రాశాం, ముట్టు గురించి రాశాం. విరేచనాల దగ్గరికొచ్చేసరికి మన కలాలకీ మడి అడ్డొచ్చింది.

ఒక్క హెచ్చరిక. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, విరేచనాలు నిద్రలోంచి లేపినా పరీక్షలు చేయించుకోవాల్సిందే. అప్పుడూ ‘టెన్షనే’ అని పంపించేస్తే ఊరుకోకండి.

ఈమధ్య ఆ డైట్ కాగితం మా ఆయన చేతికిచ్చాను. రోజూ ఒక పూట వంట ఆయనదే, ఇంటిల్లిపాదికీ అదే వంట. మొదటిరోజు “ఇంగువ ఎక్కడుంది?” అని కేకేశాడు. పదిహేడేళ్లుగా పోపులపెట్టె పక్కనే ఉంది.