జుగుప్సకు విరుగుడు విద్యయే

ఆత్మైక్యదర్శనము గలవానికి ఏ ప్రాణియెడలను ఏవగింపు పుట్టదని ఈశావాస్యోపనిషత్తు తాత్పర్యము. సాధకులు ఈ బోధను ఒకింత నిదానముగా మననము చేయవలెను. ఏవగింపు కలుగుచున్నదనగా లోపము చూడబడువానియందు గాక చూచువాని దృష్టియందున్నదని శ్రుతి సూచించుచున్నది. జుగుప్స అవిద్యాకార్యము. అవిద్య తొలగుటకు విద్య తప్ప వేఱు మార్గము లేదు.

స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుని ప్రేమించు విషయము వచ్చునప్పటికి ఈ వేదాంతమంతయు మఱుగున పడుచున్నది. ఉదయము గీతాపారాయణము చేసిన నోటితోనే సాయంకాలము అట్టివారిని హేళన చేయువారు కలరు. ఇంటిలోని బిడ్డయే అట్టివాడని తెలిసినచో తల్లిదండ్రులు మొదట భయపడుదురు, తరువాత దండింతురు, పిమ్మట జాతకము చేతబట్టుకొని దేవాలయమునకు వత్తురు. ఇది ఏ గ్రహదోషము? ఏ శాంతి చేయింపవలెను? ఎంత త్వరగా పెండ్లి చేసిన కుదురుకొనును? ఇవియే వారి ప్రశ్నలు.

భయము ఎంత దూరము కొనిపోవునో 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎదుటికి వచ్చిన వ్యాజ్యము చూపినది. విజయవాడలో కలిసి నివసించుచున్న ఇద్దరు యువతులలో ఒకరిని ఆమె తండ్రి నర్సీపట్నములోని తన ఇంట నిర్బంధించినాడని రెండవ యువతి హెబియస్ కార్పస్ పిటిషను వేసినది. ఆమె మేజరు గనుక తన జీవితమును తానే నిర్ణయించుకొనగలదనియు, కుటుంబము జోక్యము చేసికొనరాదనియు ధర్మాసనము ఆదేశించినది. కన్నవారిపై తాను చేసిన ఫిర్యాదును ఉపసంహరించుకొనుటకు ఆ కుమార్తె సమ్మతించుటచే వారిపై క్రిమినలు చర్యలు వలదని కోర్టు చెప్పినది. బిడ్డ చూపిన ఈ క్షమ పెద్దలు చూపవలసినది కాదా?

న్యాయస్థానము మూసిన తలుపును తెఱపింపగలదు. తండ్రి మనస్సును తెఱపించుట దాని శక్తికి మించినది. అది విద్య చేయవలసిన పని.

గూడూరు జంక్షను నుండి ఒక రైలుమార్గము తిరుపతికి, మరొకటి చెన్నైకి పోవును. ఆ చెన్నైలోనే ఈ విద్యకు ఒక మేలైన ఉదాహరణము దొరకుచున్నది. మదురై నుండి అచటికి వచ్చిన ఇద్దరు యువతులు, తల్లిదండ్రుల ఫిర్యాదులపై పోలీసులు తమను వేధింపకుండ రక్షణ కోరుచు మద్రాసు హైకోర్టును ఆశ్రయించినారు. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ గారు ఈ విషయము తమకు సమగ్రముగా తెలియదని అంగీకరించి, తామే మనస్తత్వనిపుణురాలివద్ద కూర్చుండి నేర్చుకొన్నారు. తమ పూర్వాభిప్రాయములు అజ్ఞానజనితములని 2021 జూన్ 7 నాటి ఉత్తర్వులో దాపఱికము లేక వ్రాసినారు. పోలీసులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు అవగాహన కల్పింపవలెననియు, ఇట్టివారిని మార్చుటకు చేయు చికిత్సలు నిషిద్ధములనియు ఆదేశించినారు. తీర్పు చెప్పవలసినవాడు సమిత్పాణియైన శిష్యునివలె ముందు నేర్చుకొనుట ఉపనిషత్సంప్రదాయమునకు తగిన పని.

నేర్చుకొనవలసిన విషయములు గహనములు కావు. స్వలింగానురాగమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల పట్టికనుండి తొలగించినది. వ్యాధి కానిదానికి శాంతి యేల, చికిత్స యేల? దీనిని నేరముగా చేసిన 377వ సెక్షను 1860లో ఆంగ్లేయ ప్రభుత్వము తెచ్చినది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు వయోజనుల పరస్పర సమ్మతి విషయమున దానిని కొట్టివేసినది. వివాహమునకు చట్టబద్ధతను 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానము అంగీకరింపలేదు. ఆ చర్చ వేఱు. ద్వేషమును మానుటకు ఆ చర్చ ముగియువఱకు వేచియుండ నక్కరలేదు.

ధర్మశాస్త్రము నిషేధింపలేదా అని కొందఱు అడుగుదురు. నిషేధవచనములు లేకపోలేదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము పురుషునితో పురుషుని సంగమమును దోషములలో చేర్చినది. దానికి సచేలస్నానమును, అనగా కట్టుబట్టలతో స్నానమును, ప్రాయశ్చిత్తముగా చెప్పినది. పగటివేళ స్త్రీసంగమమునకును అచట అదే విధి. ఈ రెండవ దోషమునకై ఎవ్వరును కుమారుని ఇల్లు వెడలగొట్టరు. కావున మొదటిదానికి చూపు క్రౌర్యము శాస్త్రమునుండి వచ్చినదని చెప్పుట సత్యము కాదు. స్మృతివచనము శ్రుతితాత్పర్యమునకు లోబడియుండునని మీమాంసకుల సిద్ధాంతము. సర్వభూతములయెడ ద్వేషము లేకుండుటయే గీత పండ్రెండవ అధ్యాయమున భగవానుడు చెప్పిన భక్తలక్షణములలో మొదటిది. అందు ఎవ్వరికిని మినహాయింపు లేదు.

పూర్వులలోను ఈ దృష్టి గలవారు ఉండిరి. గణితమేధావి శకుంతలాదేవి 1977లో స్వలింగానురాగులపై ఒక గ్రంథము ప్రకటించినది. ఆమె ప్రశ్నింపగా శ్రీరంగక్షేత్రపు అర్చకులు శ్రీనివాస రాఘవాచార్యులవారు, ఇట్టి ప్రేమికులు పూర్వజన్మమున స్త్రీపురుషులై యుందురనియు, దేహము మారినను ఆత్మల అనుబంధము నిలిచియుండుననియు సమాధానమిచ్చినారు. ఆ పెద్దలు సంప్రదాయమును విడువలేదు, సంప్రదాయముతోనే ఆలోచించినారు.

కావున జాతకముతో వచ్చిన తల్లిదండ్రులకు అర్చకులు చెప్పవలసినది స్పష్టము. దోషము లేనిచోట దోషపరిహారమునకు దక్షిణ గ్రహించుట అధర్మము. ఇష్టము లేని వివాహముచే ఒక బిడ్డ కుదురుకొనుట అటుంచి, మఱియొక ఇంటి బిడ్డ జీవితము కూడ చెడును. అగ్నిసాక్షిగా అసత్యసంకల్పము చేయించిన పాపము పెద్దలకు చెందును. అర్చనకు వచ్చినవారికి, "మీ బిడ్డ గోత్రనామములు చెప్పుడు, ఆయురారోగ్యములకై అర్చన చేసెదము, ఇంటికి పోయి బిడ్డతో కలిసి భుజింపుడు" అని చెప్పిన చాలును. భయముతో వచ్చిన తండ్రికి మొదటి పాఠము అదియే.