మన ఊరి లెక్క మనమే తీయాలి

ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఊళ్లోని పంటలు, విత్తనాలు, పశువులు, చేపలు, మందు మొక్కలు, వాటి వాడకం గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అందులో రాయాలి. దేశంలో ఇప్పటికి రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయని ప్రభుత్వం చెబుతోంది. మన ఊరి రిజిస్టర్‌ను మనలో ఎంతమందిమి చూశాం?

2020 జనవరి 31లోగా పూర్తి చేయకపోతే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. గడువు కోసం రాస్తే పేజీలు నిండుతాయి గానీ ఊరు కనిపించదు. మేం చూసిన ఒక రిజిస్టర్‌లో చెరువే లేని ఊరికి చెరువు చేపలు రాసి ఉన్నాయి.

పేర్లు సరిగ్గా రాసినా సరిపోదు. పొలంబడికి వెళ్లిన వాళ్లకు ఈ సంగతి తెలుసు. రెండు వరి మళ్లు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ సుడిదోమ, ఆకుచుట్టు పురుగు, సాలీడు, అక్షింతల పురుగు, తూనీగ కనిపించాయి. మొదటి మడిలో వంద లెక్కపెడితే 96 సుడిదోమలే, మిగతావి ఒక్కొక్కటి. రెండో మడిలో ఒక్కో రకం 20. కాగితం మీద రెండు మళ్లూ సమానమే, అయిదేసి రకాలు. కానీ మొదటి మడి సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఎన్ని రకాలు ఉన్నాయన్నదే కాదు, ఏది ఎంత ఉందన్నదీ రాయాలి.

ఎలా లెక్కపెట్టామన్నదీ ముఖ్యమే. ఒక ఏడు వానల్లో పదిమంది తిరిగి, మరో ఏడు ఎండల్లో ఒక్కరే తిరిగితే రెండోసారి సంఖ్య తగ్గుతుంది. తగ్గింది జీవాలో, చూసిన కళ్లో ఎలా తెలుస్తుంది?

లెక్కను సరిగ్గా చదివితే ఏమవుతుందో ఇండోనేషియా చూపించింది. మందు కొట్టినకొద్దీ సాలీళ్లు, మిత్రపురుగులు చచ్చి సుడిదోమ పెరుగుతోందని అక్కడి పొలాల్లో తేలింది. 1986లో వరిపై 57 రకాల మందులను ఆ ప్రభుత్వం నిషేధించింది. 1989 నుంచి పురుగులు లెక్కపెట్టడం రైతులకే నేర్పింది. మన పొలంబడికి మూలం అదే.

ఊరి జీవవనరుల వాడకంపై నిర్ణయం తీసుకునేటప్పుడు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్ర జీవవైవిధ్య మండళ్లు పంచాయతీ కమిటీని సంప్రదించాలని చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. వ్యాపారానికి తీసుకెళ్లేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారమూ కమిటీకి ఉంది. కానీ మన విత్తనం రిజిస్టర్‌లోనే లేకపోతే, రేపు ఏదో కంపెనీ అది తనదంటే మన చేతిలో చూపడానికి ఏముంటుంది?

అందుకే మేం అడుగుతున్నాం. రిజిస్టర్‌ను గ్రామసభలో చదివి వినిపించాలి, తప్పులు దిద్దాలి. ఏటా ఖరీఫ్‌లో ఒకసారి, రబీలో ఒకసారి, అవే గట్ల మీద, అవే చెరువుల దగ్గర, అంతే సమయం తిరిగి లెక్క తీయాలి. ప్రతి సంఖ్య పక్కన తేదీ, చోటు, ఎంతమంది చూశారో రాయాలి. విత్తనాలు దాచే ఆడవాళ్లను, గొర్రెల కాపరులను, చేపలు పట్టేవాళ్లను ఈ పనిలో కూర్చోబెట్టాలి. ఆ రోజు కూలి వారికి చెల్లించాలి.

వచ్చే గ్రామసభకు అందరం వెళ్దాం. "మా ఊరి జీవవైవిధ్య రిజిస్టర్ చూపించండి" అని అడుగుదాం.