తీరిక ఎవరి హక్కు?

ఒక శనివారం మధ్యాహ్నం నేనూ, నా స్నేహితురాలూ ఏ పనీ పెట్టుకోకుండా కోఠీ బయల్దేరాం. "ఏం కొనాలి?" అని ఇంట్లో అడిగారు. "ఏమీ లేదు, ఊరికే తిరిగొస్తాం" అంటే నమ్మలేదు. జాకెట్టుకి లేసు కావాలన్నాక గానీ ప్రశ్నలు ఆగలేదు.

సుల్తాన్ బజార్ సందుల్లో మ్యాచింగ్ సెంటర్లు, లేసుల షాపులు. బటన్లు, హుక్కులు, చీర ఫాల్స్, దారపు రీళ్ళు. ఎటు చూసినా ఆడవాళ్ళే. 'ఆడవాళ్ళకి బజారంటే సరదా' అని మగవాళ్ళు తేల్చేస్తారు. కానీ ఒకామె చేతిలో కూతురి యూనిఫాం గుడ్డముక్క, మరొకామె చేతిలో ఆడపడుచు చీర. రంగు కలవకపోతే మాట పడేది వీళ్ళే. ఇది షికారు కాదు, బజారుదాకా సాగిన ఇంటిచాకిరీ.

మేం కొన్నది మిషను లేసు. చేత్తో అల్లే లేసుకు పేరు నరసాపురం. అక్కడి స్త్రీలు ఇళ్ళల్లో గంటల తరబడి అల్లిన లేసు విదేశాలకు వెళ్ళేది. అయినా వాళ్ళను కార్మికులు కాదు, తీరికవేళ ఏదో చేసుకునే గృహిణులన్నారు. ఆ మాట చాటునే వాళ్ళకి అతి తక్కువ కూలి ఇచ్చారని మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరించింది.

అంటే, మనం పనిచేస్తే దానికి తీరిక అని పేరు. మరి నిజంగా తీరిక కావాలంటే?

మాకు లేసు కొలిచిన అమ్మాయి పొద్దున్నుంచీ నిలబడే ఉంది. స్టూలు లేదా అంటే, "కూర్చుంటే ఓనరు ఊరుకోడక్కా" అంది. కోజికోడ్ బట్టల షాపుల్లోని స్త్రీలు ఏళ్ళ తరబడి పోరాడాక 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు కల్పించింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది.

తర్వాత ఒక ఇరానీ హోటల్‌కి వెళ్ళాం. అడక్కుండానే 'ఫ్యామిలీ సెక్షన్' వైపు చెయ్యి చూపించారు. మేం ఫ్యామిలీ కాదు, స్నేహితులం అని వీధివైపు టేబుల్ దగ్గరే కూర్చున్నాం. చాయ్ అయిపోగానే 'ఇంకేం కావాలి?' అని మూడుసార్లు అడిగారు. మాకంటే ముందొచ్చిన పక్క టేబుల్ మగవాళ్ళని ఒక్కసారీ అడగలేదు. మేం లేచేటప్పటికీ వాళ్ళు అక్కడే ఉన్నారు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకు చాలా ఆర్టీసీ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. మంచిదే. కానీ బస్సు దిగాక కూర్చోడానికి చోటు, వాడుకోడానికి శుభ్రమైన మరుగుదొడ్డి ఉండొద్దా? ఆకలి, హింస లాంటి సమస్యలుండగా చాయ్ గురించి మాటలా అని కొందరు అనొచ్చు. 'నీకు బయటేం పని?' అనే ప్రశ్న హింసకి దూరమైనదేం కాదు. వేధింపులకు గురైన స్త్రీని మొదట అడిగేది ఆ ప్రశ్నే కదా!

అందుకే మన తర్వాతి సమావేశం ఆఫీసులో వద్దు. ఏదైనా చాయ్ హోటల్లో, వీధివైపు టేబుళ్ళ దగ్గర పెట్టుకుందాం. దారిలో ప్రతి షాపులోనూ స్టూలు ఉందా అని అడుగుదాం.